కట్టుడుపళ్ళ చరిత్ర

మన సంఘసంచికలలో దేవాలయములను గూర్చియు, కవులను గూర్చియు, ఈ పట్టణమున మన పూర్వులు నెలకొల్పిన సత్రములను గూర్చియు ఏటేట మంచి వ్యాసములు వెలువడుచున్నవి. ఈ యేడు నన్నొక వ్యాసము వ్రాయుమని కోరినపుడు నేను కట్టుడుపళ్ళ చరిత్రను వ్రాసెదనంటిని. కార్యవర్గములో ఇద్దరు నవ్విరి. ఆ నవ్వులో ఇద్దరికిని పళ్ళసందులు కనబడినవి గనుక నాకు కోపము రాలేదు. నేను పండితుడను గాను. ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. ముగించి, ముప్పదియేడేండ్లు గుమాస్తాగిరీ చేసి విశ్రాంతి పొందినవాడను. అయినను ఈ విషయమున నాకొక అధికారము కలదు. నా నోట నాలుగు పళ్ళు లేవు.

నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పిన సంగతిని మొదట చెప్పవలెను. మన సంఘభవనమున ఆదివారములందు పిల్లలకు తెలుగు చెప్పువారిలో నేనొకడను. మూడేండ్ల క్రిందట చిగుళ్ళ వ్యాధిచేత నా పైవరుస ముందుపళ్ళు మూడును, కుడిప్రక్క దవడపన్ను ఒకటియు తీయించుకొనవలసివచ్చెను. తినుటకు కష్టముగా లేదు గదా యని ఊరకుంటిని. ఒక ఆదివారము తొమ్మిదేండ్ల బాలిక పాఠము చదువుచు ‘చలి’ అనుటకు మాఱుగా ‘సలి’ అని పలికినది. దిద్దితిని. మరల ‘సలి’ అనినది. మరల దిద్దితిని. ఆ పిల్ల నా ముఖము చూచి, “మీరు కూడా అలాగే కదండీ తాతగారూ అంటున్నారు!” అనినది. తరగతి అంతయు నిశ్శబ్దమాయెను. పిల్ల చెప్పినది నిజము. నేను దిద్దుచున్నాననుకొన్న మాటను నేనే తప్పుగా నేర్పుచుంటిని.

ఇది చిన్న విషయమని తోపవచ్చును. కాని కొంచె మాలోచింపుడు. త, థ, ద, ధ, న అను వర్ణములను మన పెద్దలు దంత్యములనిరి. నాలుక కొన పైపళ్ళను తాకినగాని ఇవి స్ఫుటముగా పలుకవు. వకారమునకు పైపన్నును క్రిందిపెదవియు రెండును కావలెను. వీనికి తోడు తెలుగున చజలు రెండేసి విధములు. చిలుక, చేప, జీలకఱ్ఱ అనుచోట్ల తాలవ్యములు. చలి, చుక్క, జొన్న, జడ అనుచోట్ల దంత్యములు. ఈ పట్టణముననే బోధించి, ఈ పట్టణముననే గ్రంథములు వ్రాసిన పరవస్తు చిన్నయసూరిగారు బాలవ్యాకరణమున ఈ భేదమును స్పష్టముగా నిరూపించిరి. దంత్యములకు ౘ, ౙ అని వేఱు గుర్తులుండెడివి. నేటి వాచకములలో ఆ గుర్తులు కానరావు. చుట్టునున్న తమిళమున చకారము పెక్కు చోట్ల సకారముగా వినబడును. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలలో బడిలో తెలుగు చదువువారు తగ్గిపోయిరి. కనుక ఈ దంత్యచకారమునకు పుస్తకమున గుర్తు లేదు, బడిలో గురువు లేడు. ఇంటిలోని తాతగారి నోరు, నాయనమ్మగారి నోరు, ఇవియే దానికి మిగిలిన పాఠశాలలు. ఆ పాఠశాలకు ముందుగోడ కూలిపోయినచో పిల్లలేమి నేర్తురు?

ఆ దినము మొదలుకొని పోయిన పళ్ళకు బదులు పళ్ళు పెట్టించుకొనుటను గూర్చి తెలిసికొనసాగితిని. తెలిసినకొలది ఇది ఎంత పాతకథయో బోధపడినది.

మొదట మాటను చూతము. మనము ‘పళ్ళు కట్టించుకొనుట’ అందుము. మన ఇరుగుపొరుగువారు తమిళమున ‘పల్ కట్టుదల్’ అందురు. రెండుభాషలలోను ఉన్నది ఒకే ‘కట్టు’. పెట్టుట యనక, అతికించుట యనక, కట్టుట యని యేల యనవలసివచ్చెను? ఈ విద్య తొలిదినములలో నిజముగా కట్టుటయే. ఇప్పటి లెబనాను దేశమున సిడోను నగరపు ప్రాచీన సమాధులలో 19వ శతాబ్దిలో ఒక దవడయెముక దొరకినది. దానిలో ముందుపళ్ళను బంగారుతీగతో ఒకదాని కొకటి బిగించి కట్టియున్నారు. వానిలో రెండు పళ్ళు ఆ మనిషివి కావు, వేఱొకరివి తెచ్చి నిలిపినవి. ఇది క్రీస్తుకు పూర్వము నాలుగైదు శతాబ్దులనాటి పని. అంతకు పూర్వమే ఇటలీదేశపు ఎట్రుస్కనులు సన్నని బంగారుపట్టీలతో పోయిన పంటిచోట వేఱు పంటిని నిలుపుచుండిరి. గమనింపవలసిన దేమనగా, ఆనాడును, ఈనాడును, కొన్ని పళ్ళు మాత్రమే పోయినవానికి కట్టిన పన్ను నిలుచునది మిగిలిన పళ్ళ ఆధారముననే. ఈ సంగతిని పాఠకులు మనసునం దుంచుకొనవలెను. ఈ చరిత్ర కంతటికి అదియే కీలకము.

మన దేశపు వైద్యులు పన్ను పోకుండ కాపాడుటయందు ఎక్కువ శ్రద్ధ చూపిరి. సుశ్రుతసంహిత దంతధావనమునకు పండ్రెండంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు గల పుల్లను విధించి, వేప, చండ్ర, ఇప్ప, కానుగ యను చెట్లను శ్రేష్ఠములుగా చెప్పినది. మన తాతలు వేపపుల్ల నమలుట ఊరక వచ్చిన అలవాటు కాదు.

జపానువారు కొయ్యపనిలో నేర్పరులు. ఆ దేశపు వకాయామా నగరమున 1538లో మరణించిన ఒక బౌద్ధసన్యాసిని ధరించిన కొయ్యపళ్ళు నేటికిని నిలిచియున్నవి. అవి మొత్తము వరుసకు చెక్కినవి. నోటి అంగిలి అచ్చును మైనముతో తీసి, దాని కనుగుణముగా కొయ్యను చెక్కు విద్యను వారు మూడువందల యేండ్లకు పైగా సాగించిరి.

ఐరోపాలో ఈ విద్యకు శాస్త్రరూపము తెచ్చినవాడు ఫ్రెంచి వైద్యుడు పియెర్ ఫోషార్. ఆయన గ్రంథము 1728లో వెలువడినది. అప్పటికి కట్టుడుపళ్ళకు ఏనుగుదంతము, నీటిగుఱ్ఱపు దంతము, చచ్చినవారి పళ్ళు వాడుచుండిరి. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టనుకు కొయ్యపళ్ళుండెనని మనమందఱమును చిన్నప్పుడు వింటిమి. అది కట్టుకథ. ఆయనవి నీటిగుఱ్ఱపు దంతముతోను, మనుష్యుల పళ్ళతోను చేసినవి. 1789లో ఆయన పదవీప్రమాణము చేసినపుడు నోట మిగిలినది ఒకే సొంతపన్ను. ఆయన వైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ ఆ ఒక్క పంటిని తీయక, అది దూరుటకు క్రిందిసెట్టులో ఒక రంధ్రము చేసెను. ఒక్కటి మిగిలినను దానిని ఆధారముగా నిలుపుకొన్న ఆ వైద్యుని వివేకము మెచ్చదగినది. 1815లో వాటర్లూ యుద్ధము జరిగిన పిమ్మట రణరంగమున పడిన యువకుల పళ్ళను ఊడబెఱికి అమ్మిరి. ధనికులు వానిని కట్టించుకొనిరి. ఇంగ్లండులో అట్టి పళ్ళకు ‘వాటర్లూ పళ్ళు’ అను పేరే నిలిచిపోయినది. ఒకరి నోటికొఱకు వేఱొకరి నోరు ఖాళీచేసిన కాలమది.

ఆ ఘోరము తగ్గుటకు కారణము పింగాణీ. 18వ శతాబ్ది చివర ఫ్రాన్సులో పింగాణీపళ్ళు మొదలైనవి. 1808లో ఇటలీవాడైన ఫోంజీ ఒక్కొక్క పంటిని వేఱువేఱుగా పోతపోసి, ప్లాటినపు మేకుతో నిలుపు పద్ధతిని ప్రకటించెను. 1846లో ఈథరు మత్తుమందు వచ్చెను. నొప్పి లేక పన్ను తీయుట సాధ్యము కాగానే పళ్ళు తీయించుకొనువారు పెరిగిరి. వారితోబాటు కట్టించుకొనువారును పెరిగిరి. అపుడే గుడియరు సోదరులు గంధకముతో కాచి గట్టిపఱచిన రబ్బరు వాడుకలోనికి వచ్చెను. దంతము చెక్కుటకు పట్టు వ్యయములో కొద్దిపాటితోనే రబ్బరుసెట్టు తయారగుచుండెను. మధ్యతరగతివానికి కట్టుడుపళ్ళు అందినది అప్పటినుండియే. కాని ఆ పద్ధతికి హక్కుపత్రము గల కంపెనీ ప్రతి వైద్యునినుండియు రుసుము వసూలుచేయుచు, ఇయ్యనివారిని కోర్టుకు లాగుచుండెను. ఆ కంపెనీ కోశాధికారియైన జోసయా బేకను 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక దంతవైద్యుని తుపాకికి బలియయ్యెను. 1881లో హక్కుకాలము ముగిసిన పిదపగాని ఆ వృత్తికి శాంతి కలుగలేదు. కట్టుడుపళ్ళకొఱకు నరహత్య జరిగినదన్నచో నవ్వినవారు కూడ ఈ చరిత్రను కొంత గౌరవింతురని తలంతును.

20వ శతాబ్దిలో మూడు మేలైన మార్పులు వచ్చినవి. 1925లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డు కెన్నెడీ పళ్ళులేని ఖాళీలను నాలుగు తరగతులుగా విభజించెను. ఇరువైపుల వెనుకపళ్ళు పోయినది మొదటిది. ఒకవైపు మాత్రమే వెనుకపళ్ళు పోయినది రెండవది. ప్రక్కభాగమున ముందువెనుకల పళ్ళు నిలిచి నడుమ పోయినది మూడవది. ముందుభాగమున మధ్యరేఖను దాటి పోయినది నాలుగవది. నేటికిని దంతవైద్యవిద్యార్థి ఈ నాలుగింటిని నేర్చినగాని ముందుకు పోడు. 1929లో కోబాల్టు, క్రోమియము కలిపిన లోహముతో సన్నని చట్రములు పోతపోయుట ప్రారంభమయ్యెను. 1937 ప్రాంతమున అక్రిలిక్ వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల అద్దములకు వాడిన ఆ పదార్థమే గులాబిరంగు పూసికొని మన నోళ్ళలోనికి వచ్చినది. యుద్ధము ముగియునప్పటికి నల్లబారిన రబ్బరుసెట్టు చాలవఱకు తెరమఱుగైనది.

ఇక మన దేశమునకును, మన పట్టణమునకును వత్తము. భారతదేశమున తొలి దంతవైద్యకళాశాలను 1920లో కలకత్తాలో డాక్టరు ఆర్. అహమ్మదుగారు స్థాపించిరి. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను. అంతకు పూర్వమునుండి అనుభవముతో ఈ వృత్తిచే జీవించుచున్నవారిని కూడ వేఱొక పట్టికలో నమోదుచేయుట కా చట్టము అవకాశమిచ్చెను. అట్టివారు లేకున్నచో ఆనాటి సామాన్యునికి పన్ను చూపించుకొనుటకే చోటుండెడిది కాదు. చీనాదేశపు హుపే రాష్ట్రమునుండి బయలుదేరిన దంతవృత్తి కుటుంబములు భారతదేశపు నగరములలో స్థిరపడినవి. చెన్నపట్టణమునను అట్టి కుటుంబములు నిలిచినవి. తండ్రి కుమారునికి నేర్పగా తరతరములు సాగిన విద్య వారిది. వారును మనవలెనే సొంతనేల విడిచివచ్చి, పరభాష నడుమ తమ విద్యను నిలుపుకొన్నవారు. వారికిని తక్కువగా, కాలిబాటపై గోనెసంచి పఱచి, పళ్ళను పళ్ళెములో పోసికొని కూర్చుండువారిని నేను బాల్యమున చూచియున్నాను.

మన పట్టణపు ప్రభుత్వ దంతవైద్యవిద్య 1953 ఆగస్టులో మదరాసు వైద్యకళాశాలకు ఒక శాఖగా ఆరంభమయ్యెను. అదియే నేడు కోటస్టేషనుకు ఎదుట నున్న తమిళనాడు ప్రభుత్వ దంతవైద్యకళాశాల. ఆ సంవత్సరమును చదువగానే మనలో పెద్దవారికి వేఱొక తలంపు రాకమానదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో ప్రాణత్యాగము చేసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. చెన్నపట్టణము దానిలో చేరలేదు. కచేరీలతోబాటు కర్నూలునకు తరలిపోయినవారు పోయిరి. పెద్దనాయకన్‌పేటలోను, చూళైలోను, పెరంబూరులోను, పురసవాకములోను ఉండిపోయిన కుటుంబములు మనవి. తెలుగునాట హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్యకళాశాల 1959లో వెలసినది.

మా నాయనగారును ఉండిపోయినవారిలో ఒకరు. వారు జార్జిటౌనులో ఒక మండీలో లెక్కలు వ్రాయుచుండిరి. నాకు ఎనిమిది తొమ్మిదేండ్లపుడు వారు రెండు ముందుపళ్ళు కట్టించుకొనిరి. అంగిలినంతయు కప్పు మందమైన అక్రిలిక్ పలక, ఇరువైపుల రెండు తీగకొక్కెములు. రాత్రి దానిని ఇత్తడిగ్లాసు నీటిలో వేసి, పూజగూటి ప్రక్కన పెట్టెడివారు. ఉదయము మండీకి పోవునపుడు ధరించి, మధ్యాహ్నము భోజనమునకు తీసి రుమాలులో చుట్టి జేబులో వేసికొనెడివారు. మా అమ్మ, “ఇవి తినడానికా, జనానికి చూపించడానికా?” అని యడిగెడిది. నాయనగారు నవ్వి యూరకుండెడివారు. పదేండ్లలో ఆ తీగెలు పట్టిన పళ్ళు రెండును కదలి పోయినవి. అపుడు మేము వయసు మీఱినదనుకొంటిమి. కారణము వయసు మాత్రమే కాదని నాకిపుడు తెలిసినది. సరిగా రూపింపని పలక చిగుళ్ళను నొక్కి, తనకు ఆధారమైన పంటినే లాగివేయును.

ఇచట 1952లో అమెరికా దంతాచార్యుడు డీవాను చెప్పిన ఒక సూత్రమును స్మరింపవలెను. పోయినదానిని సాంగోపాంగముగా పూరించుటకంటె మిగిలినదానిని ఎల్లకాలము కాపాడుటయే వైద్యుని ముఖ్యకర్తవ్యమని దాని సారాంశము. కట్టుడుపన్ను పోయిన పంటికొఱకు కాదు, ఉన్న పళ్ళకొఱకు. మా నాయనగారి పలకను చేసినవారికి ఈ సూత్రము తెలిసియుండదు. కట్టించుకొనబోవు మనకైనను తెలిసియుండవలెను.

ఉన్న పళ్ళకొఱకు అనుటలో అర్థమేమి? ఒక పన్ను పోయి ఖాళీ యేర్పడినచో దాని ఇరుప్రక్కల పళ్ళు ఆ ఖాళీలోనికి క్రమముగా ఒరగును. ఎదుటివరుస పన్ను తాకుడు లేక క్రిందికో మీదికో పెరిగివచ్చును. సందులలో మెతుకులు నిలిచి పుచ్చు పట్టును. నమలు భారము మిగిలినవానిపై పడును. కాని పోయిన ప్రతి పంటికిని బదులు పెట్టితీరవలెనని కూడ లేదు. హాలండు దేశపు ఆచార్యుడు కైజరు 1981లో, చిట్టచివరి దవడపళ్ళు పోయినను ముందుపళ్ళును, వాని వెనుకనున్న చిన్నదవడపళ్ళును బాగుగా నున్నచో పెక్కుమందికి అది చాలునని చూపెను. జపానువారు 1989లో ‘ఎనుబదియేండ్లకు ఇరువది పళ్ళు’ అను ఉద్యమము నారంభించిరి. ముప్పదిరెండింటిలో ఇరువది సొంతపళ్ళు నిలిచినచో మనిషి సుఖముగా తినగలడని వారి లెక్క. కనుక, “నాకు బదులుపన్ను అవసరమా?” అనునది తొలిప్రశ్న. అవసరమైనచో ఏది అనునది తరువాతిది.

నేడు మనయెదుట నున్న మార్గములు ముఖ్యముగా అయిదు. మొదటిది తీసిపెట్టుకొను అక్రిలిక్ పలక. అన్నిటికంటె చౌక, త్వరగా తయారగును, మున్ముందు మరియొక పన్ను పోయినచో దానికే ఇంకొకటి చేర్చవచ్చును. పన్ను తీసిన క్రొత్తలో చిగురు మాని కుదురుకొనువఱకు తాత్కాలికముగా వాడుటకిది మిక్కిలి తగినది. కాని మందము, భారమంతయు చిగురుపై పడును, జాఱిపడినచో విఱుగును. రెండవది కోబాల్టు-క్రోమియము చట్రము. ఇది సన్నము, గట్టి. దీనికి ఉన్న పళ్ళపై ఆనుకొను చిన్న మెట్టులుండును గనుక నమలు భారము చిగురుపై గాక పళ్ళపై పంచబడును. వ్యయమెక్కువ, వైద్యునికడకు పలుమాఱులు పోవలెను. తరువాత పన్ను చేర్చుటయు అంత సులభము కాదు. మూడవది మెత్తని నైలాను పలక. లోహపు కొక్కెములు కానరావు గనుక చూపునకు బాగుండును. కాని విఱిగినను వదులైనను బాగుచేయుట కష్టము, భారము చిగురుపైననే.

నాలుగవది కదలని బ్రిడ్జి. ఖాళీకి ఇరుప్రక్కల నున్న పళ్ళను అరగదీసి, వానికి క్యాపులు తొడిగి, నడుమ కట్టుడుపంటిని వంతెనవలె నిలుపుదురు. తీసిపెట్టు బాధ లేదు. అయితే ఆరోగ్యముగా నున్న ప్రక్కపళ్ళను చెక్కవలసివచ్చునని మఱువరాదు. అయిదవది ఇంప్లాంటు. స్వీడను వైద్యుడు బ్రోనెమార్కు టైటానియము ఎముకతో ఏకమగుటను కనుగొని, 1965లో తొలిసారిగా ఒక రోగి దవడలో టైటానియపు మరలను బిగించి వానిపై పళ్ళు నిలిపెను. ఇది ప్రక్కపళ్ళను ముట్టదు. ఎముక చాలినంత యుండవలెను, చక్కెరవ్యాధి అదుపులో నుండవలెను, ఎముక పట్టుటకు సాధారణముగా మూడునుండి ఆఱునెలలు వేచియుండవలెను, వ్యయమునకు సిద్ధపడవలెను.

నా సంగతి. మొదటిసారి నేను తొందరపడితిని. పాఠములో అవమానము జరిగిన వారమే, రెండుదినములలో సెట్టు ఇత్తుమని బోర్డు కట్టిన ఒకచోటికి పోయితిని. మిగిలిన పళ్ళ చిగుళ్ళు పరీక్షింపలేదు, శుభ్రపఱచలేదు. ఇచ్చిన పలక నాలుకకు అడ్డమై, దంత్యములతోబాటు తాలవ్యములను గూడ చెఱచినది. పదునైదు దినములలో అది బీరువా సొరుగు చేరినది. “పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయి అయితేనేమి” అను సామెత విన్నాము. కట్టించుకొనుటకు మాత్రము ఏ చేయి అయినను చాలదు.

రెండవసారి మరియొక వైద్యశాలకు పోయితిని. అచటి వైద్యురాలు తమిళయువతి, మా పెద్దకొమార్తె వయసు. ఆమె పళ్ళను గూర్చి అడుగుటకు ముందు, “అయ్యా, మీకు దీనితో ఏం చేయాలి? తినాలా, మాట్లాడాలా, నలుగురిలో నవ్వాలా?” అని తమిళమున అడిగినది. నేను పిల్లలకు తెలుగు చెప్పవలెనంటిని. ఆమె నవ్వలేదు, చీటీలో వ్రాసికొనినది. మొదట చిగుళ్ళు శుద్ధిచేసి, చక్కెర అదుపునకు వచ్చుదాక ఆగినది. పైయెముక పలుచబడినందున ఇంప్లాంటుకు ముందు ఎముకకు వేఱొక చికిత్స వలసియుండెను. అది నా పింఛనుకు మించినది. బ్రిడ్జికి ఆధారము కావలసిన పళ్ళకు అంత బలము లేదు. కనుక తేలికపాటి అక్రిలిక్ పలకతో కొన్నినెలలు గడిపి, చిగురు కుదిరిన తరువాత కోబాల్టు చట్రము చేయించుకొనుట నిశ్చయమాయెను. నోటి అచ్చు, మైనముతో కాటుకొలత, మైనమున నిలిపిన పళ్ళతో నమూనా చూచుట, పిమ్మట తుదిసెట్టు, తరువాత రెండు దిద్దుబాట్లు. నమూనా చూచునపుడు ఆమె నన్ను మాటలాడుమనినది. నేను ‘చలి, చుక్క, జొన్న, జడ’ అంటిని. ఆమెకు తెలుగు రాదు. అయినను నా నాలుక కొనను గమనించి, ముందుపళ్ళను వెంట్రుకవాసి లోపలికి జరిపినది.

ధరించినవారు పాటింపవలసిన విషయములు కొన్ని. రాత్రి తీసి నీటిలో నుంచవలెను, ఎండిపోనీయరాదు, వేడినీరు పోసినచో అక్రిలిక్ వంకరపోవును. పళ్ళపొడితోగాని పేస్టుతోగాని గాక, మెత్తని బ్రష్షుతో సబ్బునీట కడుగవలెను. కడుగునపుడు క్రింద నీటితొట్టి నుంచినచో చేజాఱినను విఱుగదు. కొక్కెము పట్టిన సొంతపళ్ళను రెండింతల శ్రద్ధతో తోమవలెను. పుండు పడినచో ఆకురాయితో మనమే అరగదీయక వైద్యునికడకు పోవలెను. వక్కపలుకు, గట్టి చెగోడీ, సెనగలు ముందుపళ్ళతో కొఱుకరాదు. ఆఱునెలల కొకసారి చూపించుకొనవలెను.

తుదిసెట్టు ఇచ్చిననాడు ఆ వైద్యురాలు, “ఇంటికి వెళ్ళి రోజూ అరగంట బిగ్గరగా చదవండి. నాలుక కొత్త పళ్ళకు అలవాటు పడుతుంది. ఏ భాషైనా సరే” అని చెప్పినది. నేను తెలుగే చదివితిని. తొలివారము నా మాట నాకే పరాయిగా నుండెను. మూడవ వారమునకు దారికి వచ్చినది. నా భార్య వంటయింటనుండి తప్పులు దిద్దుచుండెడిది. చాలకాలమునకు మా ఇంట తెలుగు బిగ్గరగా చదువుట వినబడినదని ఆమె యనినపుడు, ఇన్నేండ్లు చదువకపోవుటకు పళ్ళు కారణము కాదు గదా యని సిగ్గుపడితిని.

తరువాత పాఠమునకు పోయిననాడు ఆ బాలిక ముందువరుసనే కూర్చుండెను. నేను ‘చలి’ అంటిని. ఆమె నా నోటివంక చూచి, నాలుకను పళ్ళకు చేర్చి, రెండుమాఱులు తప్పి, మూడవమాఱు సరిగా పలికినది. అంతియే. ఇంతకంటె పెద్ద ఫలితము నే నాశింపలేదు.

డెబ్బదియేండ్లకు పైబడినది, ఈ పట్టణము విషయమున మనకు పోయినదేదో పోయినది. దానిని తలచికొని దుఃఖించిన తరము ఇంచుమించు గతించినది. మిగిలినది మన ఇండ్లలోని మాట. అది నిలుచుటకు ఇరుప్రక్కల నున్నవారి ఆధారము కావలెను. నా సెట్టును చేసినది తమిళపు చేయి, దానితో పలికినది తెలుగు. కనుక సంఘసభ్యులలో పెద్దలైనవారికి నా విన్నపము రెండే. పళ్ళు పోయినవారు, వయసైనదని యూరకుండక, తొందరపడి దొరికినది తగిలించుకొనక, మిగిలిన పళ్ళను కాపాడు వైద్యుని వెదకి చూపించుకొనుడు. పళ్ళున్నవారును, కట్టించుకొన్నవారును, దినమున కొక పుటయైనను మనుమల యెదుట బిగ్గరగా చదువుడు.